పది మీటర్ల దూరాన పది మిల్లీమీటర్ల గీత

కొత్త డాష్‌క్యామ్ బిగించుకున్నవాళ్లు మొదట చూసేది ఆకాశం రంగు. నీలం నిండుగా, చెట్లు పచ్చగా వస్తే కెమెరా బాగుందని తేల్చేస్తారు. చూడ్డానికి బాగుండటం తప్పేమీ కాదు గానీ, ఈ కెమెరా కొన్నది అందుకు కాదు. ఏదైనా జరిగిన రోజున ఎదుటి బండి నంబరు ఆ రికార్డింగులో చదవగలగాలి. కాబట్టి దీని నాణ్యత తేల్చడానికి నంబర్ ప్లేటును మించిన కొలమానం లేదు. ప్లేటు నుంచి బయల్దేరిన వెలుగు మన ముందద్దం, లెన్సు, సెన్సరు, కంప్రెషన్ చిప్పు, మెమరీ కార్డు అన్నీ దాటి మన కంటికి చేరాలి. దారిలో ఏ మెట్టు దగ్గర తడబడినా దెబ్బ ముందుగా ఆ అక్షరాలకే తగులుతుంది.

పైగా దాని కొలతలు చట్టంలో రాసిపెట్టి ఉన్నాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, రెండు అక్షరాల నడుమ ఖాళీ 10. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు తప్పనిసరైన హై సెక్యూరిటీ ప్లేట్లలో, కార్లకు మామూలుగా కనిపించే పొడవాటి రకం 500 మిల్లీమీటర్ల పొడవు, 120 ఎత్తు ఉంటుంది. కొలతలు ముందే తెలిసిన వస్తువు ఏ వీధిలో చూసినా దొరుకుతోందంటే, పరీక్షించేవాడికి అంతకన్నా ఏం కావాలి?

లెక్క వేద్దాం. 4కె అంటే అడ్డంగా 3840 పిక్సెళ్లు, నిలువుగా 2160. మొత్తం దాదాపు 83 లక్షలు. 1080పి అయితే 1920, 1080. మొత్తం 20 లక్షల పైచిలుకు. పెట్టె మీద 140 డిగ్రీలని రాసే చూపు కోణం సాధారణంగా మూల నుంచి మూలకు కొలిచింది. అడ్డంగా చూస్తే 120 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అంటే 4కెలో డిగ్రీకి సుమారు 32 పిక్సెళ్లు. పది మీటర్ల దూరాన డిగ్రీ వెడల్పు పదిహేడున్నర సెంటీమీటర్లు. ఆ దూరంలో ఉన్న ప్లేటు మొత్తం పొడవుకి దక్కేది 90 పిక్సెళ్ల పైచిలుకు, అక్షరం ఎత్తుకి 12, గీత మందానికి రెండుకి కొంచెం తక్కువ. అదే 1080పిలో అక్షరం ఎత్తు 6 పిక్సెళ్లు, గీతకి ఒక్కటి కూడా నిండుగా రాదు. గీతకీ ఖాళీకీ చెరో రెండు పిక్సెళ్ల దరిదాపులోనైనా లేకపోతే నలుపూ తెలుపూ కలిసి బూడిదరంగు మరక అవుతుంది. కాబట్టి 4కె పది మీటర్ల దగ్గర చేసే పని, 1080పి అయిదు మీటర్ల దగ్గర చేస్తుంది. రెంటికీ ఉన్న తేడా ఇంతే. కానీ రోడ్డు మీద ఆ అయిదు మీటర్లు ఒక కారు పొడవు కంటే ఎక్కువ.

ఈ లెక్కలో చూపు కోణం ఎంత కీలకమో గమనించండి. 170 డిగ్రీలని గొప్పగా రాసిన కెమెరా అవే పిక్సెళ్లను మరింత వెడల్పుకి పరచాలి, ఒక్కో అక్షరానికి దక్కే వాటా తగ్గిపోతుంది. విశాలంగా చూపించే కెమెరాని చూసి మురిసిపోయేవాళ్లు సరిగ్గా అక్కడే నష్టపోతారు.

ప్లేటు మీది రాత అమరిక కూడా మనకి సాయం చేస్తుంది. మొదట రెండు రాష్ట్రం అక్షరాలు, తర్వాత రెండంకెల కోడు, ఆపైన సీరీస్ అక్షరాలు, చివర నాలుగు అంకెలు. మసకగా వచ్చింది బీనో 8నో తేలకపోతే, ఎక్కడుందో చూసి తేల్చుకోవచ్చు. 2024 మార్చిలో తెలంగాణ కోడు టీఎస్ నుంచి టీజీకి మారింది. ఆ జీ కాస్త అలికినట్టు వస్తే సీ లాగో 6 లాగో ఉంటుంది, అయినా ఇబ్బంది లేదు, అక్కడ సీ గానీ 6 గానీ ఉండటానికి వీల్లేదు. చిక్కల్లా చివరి నాలుగు అంకెలతోనే. అక్కడ 3, 6, 8, 0 ఒకదాన్నొకటి మింగేస్తాయి, స్థానం చూసి తేల్చే వీలు లేదు. పరీక్షకు ఎవరిదైనా బండి ఎంచుకునేటప్పుడు ఆ అంకెలున్న నంబరే ఎంచుకోండి. 1111 అన్నది ఏ నాసిరకం కెమెరా అయినా చదువుతుంది.

వెలుగు మొదట దాటాల్సింది మన ముందద్దాన్నే. ఏటవాలుగా ఉన్న ఆ అద్దం కింద డాష్‌బోర్డు ఉంటుంది, దాని మీద వినాయకుడి బొమ్మ, టిష్యూ పెట్టె, అద్దం తుడిచే పసుపు గుడ్డ. మధ్యాహ్నపు ఎండలో ఇవన్నీ అద్దంలో ప్రతిఫలించి రోడ్డు మీద తేలుతున్నట్టు రికార్డవుతాయి. ఏటవాలు గాజు నుంచి ప్రతిఫలించే వెలుగు చాలావరకు ఒకే తలంలో కంపిస్తుంది. ఆ తలాన్ని అడ్డుకునే పోలరైజింగ్ ఫిల్టరుని లెన్సు ముందు పెట్టి మెల్లగా తిప్పితే, ఒకచోట వినాయకుడు మాయమై రోడ్డు తేటపడుతుంది. చవకైన ఉపాయం, చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది. అయితే అది వచ్చే వెలుగులో సగానికి పైగా తనే తినేస్తుంది కనుక రాత్రి ప్రయాణానికి తీసేయడం మంచిది. కెమెరాని వైపర్ తుడిచే మేరలోనే బిగించాలని వేరే చెప్పక్కర్లేదు.

లెన్సు దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఎఫ్ 1.8 లెన్సు ఎఫ్ 2.2 కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు వెలుగు లోపలికి తెస్తుంది. ఫోకస్ ఫ్యాక్టరీలోనే బిగించేసి ఉంటుంది; రెండు మూడు మీటర్ల నుంచి అనంతం దాకా అన్నీ స్పష్టంగా ఉండేలా ఒకే చోట నిలిపి ఉంచుతారు. చూడాల్సిందల్లా అంచుల్లో ఎంత మెత్తబడుతుందన్నది, ఎండకి ఫోకస్ జరుగుతుందా అన్నది. పల్నాడులో రెంటచింతల ఎండలు పేరు మోసినవి. అలాంటి చోట మే నెలలో మూసిపెట్టిన కారు లోపలి వేడికి లెన్సు బిగింపులు వ్యాకోచిస్తాయి. పొద్దున తీసిన ఫ్రేమూ, మధ్యాహ్నం ఎండలో నిలిపి తీసిన ఫ్రేమూ పక్కపక్కన పెట్టి దూరపు బోర్డు మీది అక్షరాలు పోల్చి చూస్తే సంగతి బయటపడుతుంది. మంచి కెమెరాల్లో లిథియం బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ పెట్టేది కూడా ఈ వేడికి భయపడే.

ఇప్పుడు సెన్సరు. పిక్సెళ్ల సంఖ్య సమానమైనా పిక్సెల్ పరిమాణం సమానం కాదు. సోనీ వాళ్ల ఐఎంఎక్స్415, ఐఎంఎక్స్678 రెండూ 4కె ఇచ్చేవే. మొదటిదాంట్లో పిక్సెల్ అంచు 1.45 మైక్రాన్లు, రెండోదాంట్లో 2. వైశాల్యం లెక్కన చూస్తే రెండోది దాదాపు రెట్టింపు, అంటే చీకట్లో పోగేసుకునే వెలుగు కూడా అంతే. రెండింట్లోనూ తీగల అల్లికను వెలుగుపడే ముఖం నుంచి తప్పించి వెనక్కి పెట్టారు, వచ్చిన వెలుగు తీగలకి తగిలి వృథా కాకుండా. రెండోది 2021లో వచ్చిన స్టార్విస్ 2 తరానికి చెందింది. ఒకే ఎక్స్‌పోజరులో పట్టగలిగే వెలుగునీడల పరిధి అందులో బాగా పెరిగింది.

పిక్సెల్‌కి తనంతట తను రంగు తెలియదు. ఒక్కోదాని మీద ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక్క రంగు ఫిల్టరే ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరిక అది. నాలుగింట రెండు ఆకుపచ్చ, ఎందుకంటే మన కన్ను సూక్ష్మమైన తేడాలు ఎక్కువగా ఆ రంగులోనే పసిగడుతుంది. మిగతా రెండు రంగులు పక్కనున్న పిక్సెళ్లని చూసి ఊహించి నింపుతారు. 4కె అని రాసినా లోపల చిన్న సెన్సరు పెట్టి, ఫ్రేమును సాగదీసి 3840కి పెంచే కెమెరాలు ఉన్నాయి. అది ఊహ మీద ఊహ. కరెంటు స్తంభాల మీది తీగలు ఆకాశం మీద ఎలా వచ్చాయో చూడండి. నిజమైన వివరం ఉంటే తీగ సన్నగా, ఒకే మందంగా వస్తుంది. సాగదీసిందైతే మెట్లు మెట్లుగా ఉంటుంది. పదును కృత్రిమంగా పెంచితే తీగకి ఇరుపక్కలా తెల్లని అంచు కడుతుంది.

అసలు ఆట ఎక్స్‌పోజరులో ఉంది. ఒకే దిక్కుకి, ఒకే వేగంతో పోతున్న బండి మనకి నిలిచి ఉన్నట్టే. దాని ప్లేటు తేలిక. కష్టమైనది ఎదురుగా వచ్చే బండి. ఇద్దరూ గంటకి 60 కిలోమీటర్ల మీద ఉంటే సెకనుకి 33 మీటర్ల చొప్పున దగ్గరవుతారు. దాని ప్లేటు మన దారికి మూడు మీటర్లు పక్కగా ఉందనుకోండి. ఇంకా పది మీటర్ల ముందుండగా అది ఫ్రేములో పక్కకి జారే వేగం సెకనుకి సుమారు 1700 పిక్సెళ్లు. షట్టరు సెకనులో వెయ్యో వంతు తెరిస్తే ఆ జరుగు రెండు పిక్సెళ్లలోపే, అక్షరం దక్కుతుంది. అరవయ్యో వంతు తెరిస్తే 28 పిక్సెళ్లు, అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి అలికిపోతాయి. సరే, మరింత దగ్గరికి వచ్చాక చదువుదామంటే? అయిదు మీటర్ల ముందుకి వచ్చేసరికి గీత మందం మూడు పిక్సెళ్లకి పెరుగుతుంది. కానీ జారే వేగం మూడింతలు దాటి, వెయ్యో వంతు సెకనులోనే అయిదు పిక్సెళ్లకి పైగా చెరుపుతుంది. అక్షరం పెరిగేది దూరం తగ్గినంతే, జారుడు పెరిగేది దూరపు వర్గం లెక్కన. కాబట్టి పక్కనుంచి దూసుకుపోయే బండి నంబరు అది మరీ దగ్గరున్న ఫ్రేములో వెతకడం దండగ, నాలుగైదు ఫ్రేములు వెనక్కి జరగాలి. పనికొచ్చే ఫ్రేము పది మీటర్ల చుట్టుపక్కల ఎక్కడో ఉంటుంది. సెకనుకి 30 ఫ్రేముల బదులు 60 ఉంటే లాభం ఇక్కడే, ఆ ఇరుకు సందులో ఒకటి బదులు రెండు అవకాశాలు.

మిట్టమధ్యాహ్నం వెయ్యో వంతు సెకను ఏ కెమెరాకైనా సరిపోతుంది. రాత్రి అంత వెలుగు ఎక్కడిది? షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే రోడ్డు పగల్లా కనిపిస్తుంది, ప్రకటనల్లో చూపించేది అలాంటి వీడియోనే. కదిలే ప్రతి అక్షరమూ అందులో చెరిగిపోతుంది. పోనీ కదలని ప్లేటు చూద్దామంటే అక్కడ ఇంకో చిక్కు. ప్లేటు మీది పొర మీద పడ్డ వెలుగు వచ్చిన దిక్కుకే తిరిగిపోతుంది. మన హెడ్‌లైటు వెలుగు తిన్నగా వెనక్కి వచ్చే ఆ దారికి కాస్త పైనే కెమెరా ఉంది. చీకటి రోడ్డుకి అలవాటుపడ్డ సెన్సరుకి ఆ ప్లేటు ఒట్టి తెల్ల రేకులా కనిపిస్తుంది, అక్షరాలు ఆ తెలుపులో కరిగిపోతాయి.

కెమెరా రూపకర్తలు ఈ చిక్కునే సాయంగా తిప్పుకున్నారు. ప్లేటు అంత మెరుస్తోందంటే, చాలా కొద్దిసేపు షట్టరు తెరిచినా అది కనపడుతుందన్నమాట. వెలుగునీడలు రెంటినీ ఒకే ఫ్రేములో పట్టే హెచ్‌డీఆర్ పద్ధతుల్లో ఒకటి ప్రతి ఫ్రేముకీ రెండు ఎక్స్‌పోజర్లు తీసుకుంటుంది, ఒకటి పొడవు, ఒకటి పొట్టి. పొడవుదాంట్లో రోడ్డు, మనుషులు, చెట్లు దొరుకుతాయి. పొట్టిదాంట్లో మిగతాదంతా నల్లగా ఉన్నా ప్లేటు మాత్రం నలుపు తెలుపుల్లో కుదురుగా ఉంటుంది, కదలిక చెరుపూ తక్కువే. రెంటినీ కుట్టేస్తే ఒకే ఫ్రేము. కుట్టు సరిగ్గా లేకపోతే కదిలే బండికి రెండు అంచులు కనిపిస్తాయి. అది తప్పించడానికి స్టార్విస్ 2లో ఇంకో పద్ధతి తెచ్చారు. ఒకే ఎక్స్‌పోజరుని ఒకేసారి ఎక్కువ, తక్కువ గెయిన్‌లతో, అంటే సంకేతాన్ని పెంచే మోతాదులతో, చదువుకుంటారు. జంట అంచులు రావు, మెరుపులు తెల్లబారవు. కానీ షట్టరు సమయం ఒక్కటే గనక కదలిక చెరుపు తగ్గదు. ఏ మెరుగు దేనికి పనికొస్తుందో ఇలా విడమరిచి చూసుకోవాలి. అందుకే నా దృష్టిలో రాత్రి వీడియో కాస్త చీకటిగా ఉండి ప్లేటు చదవనిచ్చే కెమెరా, వెన్నెల కాసినట్టు చూపించి ప్లేటుని మింగేసే కెమెరా కన్నా ఎన్నో రెట్లు మేలు. అవకాశం ఉంటే మెనూలో ఎక్స్‌పోజరుని ఒక మెట్టు కిందికి దించి మళ్లీ చూడండి.

ఎక్స్‌పోజరు ఎంత చురుగ్గా సర్దుకుంటుందో చూడటానికి టోల్ ప్లాజా మంచి చోటు. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద పంతంగి దగ్గరో, చిల్లకల్లు దగ్గరో రేకుల నీడలోంచి ఎండలోకి బయటపడే క్షణాన ఫ్రేము తెల్లబారి ఎంతసేపటికి కుదుటపడిందో గమనించండి. ముందున్న బండి అయిదారు మీటర్ల దూరంలోనే ఉంటుంది గనక ఆ తెల్లబారిన ఫ్రేముల్లో ప్లేటు దక్కిందా లేదా అన్నదీ అక్కడే తేలుతుంది.

ట్రాఫిక్ సిగ్నల్ గురించి ఒక ముచ్చట చెప్పాలి. 50 హెర్ట్జ్ కరెంటు మీద నేరుగా నడిచే ఎల్ఈడీ దీపం సెకనుకి వందసార్లు వెలిగి ఆరుతుంది. కన్ను పట్టదు గానీ పగటి పొట్టి షట్టరు పట్టేస్తుంది. సెకనుకి 25 ఫ్రేములు తీస్తే ఫ్రేముకి సరిగ్గా నాలుగు వెలుగులు పడతాయి, షట్టరు ఆరిన క్షణంతో జత కుదిరిందంటే ఎర్రదీపం వెలగనట్టే రికార్డవుతూ పోతుంది. 30 ఫ్రేములైతే మూడు ఫ్రేములకి పది వెలుగులు, జత కుదరదు. జపాన్‌లో తూర్పున 50, పడమర 60 హెర్ట్జ్ కరెంటు. 60 ఉన్న చోట 30 ఫ్రేములకి మళ్లీ జత కుదిరిపోతుంది. అందుకని అక్కడి కెమెరాలు కొన్ని సెకనుకి 27.5 ఫ్రేములు తీస్తాయి. ఎవరికీ అక్కర్లేనట్టుండే ఆ అర ఫ్రేము వెనక, సిగ్నల్ ఎర్రగా ఉందో లేదో రికార్డులో నిలవాలన్న ఆలోచన ఉంది.

ఇంతవరకు బతికి వచ్చిన అక్షరాన్ని చివర్లో చంపేది కంప్రెషన్. 4కె ఫ్రేములు సెకనుకి 30 చొప్పున, ఒక్కో పిక్సెల్‌కి 12 బిట్లు వేసుకున్నా సెకనుకి దాదాపు 300 కోట్ల బిట్లు. కార్డు మీదికి వెళ్లేది 3 కోట్లు, అంటే 30 మెగాబిట్లు. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పారేసి, పారేసినట్టు తెలియకుండా చేయాలి. దీనికి మూలమైన గణితం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. దాన్ని 1974లో ప్రకటించిన ముగ్గురు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. చిత్రాన్ని చిన్న చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరాన్ని మెల్లగా మారే అలల, చప్పున మారే అలల మొత్తంగా రాయడం ఆ ఉపాయం. చప్పున మారే అలల్ని ముందు తగ్గించేస్తే కన్ను పెద్దగా పట్టించుకోదు. కానీ నంబర్ ప్లేటు మీది సన్నని నల్లగీత అంచు అంటే అచ్చంగా ఆ చప్పున మారే అలలే.

రెండో పొదుపు కాలంలో. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో పేజీ మొదట పాత బాకీ మొత్తం రాసి, ఆ కింద రోజూ ఇచ్చిందీ తెచ్చిందీ మాత్రమే రాసినట్టు, అప్పుడప్పుడూ ఒక నిండు ఫ్రేము రాసి, తర్వాతి వాటికి మారినదే రాస్తారు. చదరం ఎటు జరిగిందో ఒక బాణం గుర్తు పెట్టి, మిగిలిన తేడా మాత్రం నమోదు చేస్తారు. 2003 నాటి హెచ్.264 కన్నా 2013 నాటి హెచ్.265 ఈ చదరాలను అవసరాన్ని బట్టి పెద్దవిగా, చిన్నవిగా మరింత నేర్పుగా కోస్తుంది. ఆకాశానికి పెద్ద ముక్క, ప్లేటుకి చిన్న ముక్కలు.

చిక్కేమిటంటే బిట్ల వాటా సెకనుకి ఇంతని ముందే కట్టేసి ఉంటుంది. ఇరువైపులా చింతచెట్లున్న రోడ్డులో ప్రతి ఆకూ ప్రతి ఫ్రేములో మారుతుంది. వాన పడితే ప్రతి చినుకూ. రాత్రయితే సెన్సరు నాయిస్ తాలూకు రవ్వలే కొత్త సమాచారంలా కనిపిస్తాయి. బిట్లన్నీ వాటికే ఖర్చయిపోయి ప్లేటుకి మిగలవు. అందుకే డాబా మీంచి ఖాళీ మైదానం తీసి కెమెరాని మెచ్చుకోకూడదు. చెట్ల నీడలు పడే రోడ్డు మీద మంచి వేగంతో పోతూ తీసి, బండికి దగ్గరగా ఉన్న తారు కంకర చూడాలి. రాళ్లు రాళ్లుగా కాక బురద పూసినట్టు నున్నగా వస్తే బిట్లు చాల్లేదని అర్థం. లెక్క కట్టడమూ సులువే. ఫైలు మెగాబైట్లని ఎనిమిదితో హెచ్చించి సెకన్లతో భాగించండి. ఒక నిమిషం ఫైలు 225 మెగాబైట్లుంటే 30 మెగాబిట్లు. పెట్టె మీద 4కె అని ఉండి, నిమిషం ఫైలు 90 మెగాబైట్లే ఉంటే 12 మెగాబిట్లు. అంతకన్నా మంచి బిట్‌రేటున్న 1440పి కెమెరా నయం. 30 మెగాబిట్ల లెక్కన గంటకి పదమూడున్నర గిగాబైట్లు పడుతుంది కాబట్టి కార్డు మళ్లీ మళ్లీ చెరిపి రాయడాన్ని తట్టుకునే హై ఎండ్యూరెన్స్ రకమే అయ్యుండాలి.

ఇక చూసే పద్ధతి. ఫోన్ యాప్‌లో వైఫై మీద కనిపించే ప్రివ్యూ చాలా కెమెరాల్లో అసలు ఫైలు కాదు, తేలికపరిచిన నకలు. దాన్ని చూసి మంచీచెడూ చెప్పకూడదు. కార్డు తీసి కంప్యూటర్లో పెట్టి, వీఎల్‌సీలో వీడియో ఆపి, కీబోర్డు మీది E మీట నొక్కుతూ ఫ్రేము ఫ్రేమూ జరపాలి. కదిలే వీడియోలో చదవగలిగినట్టనిపించిన నంబరు ఆగిన ఫ్రేములో కరిగిపోవడమూ ఉంది, ఒక ఫ్రేములో సగం, ఇంకో ఫ్రేములో సగం దొరికి పూర్తి కావడమూ ఉంది.

ఫైలుని వాట్సాప్‌లో వీడియోగా పంపితే ఇంత కథా రెండోసారి జరుగుతుంది, ఈసారి బిట్లు ఇంకా తక్కువ. ప్లేటు పోవడం ఒక్కటే కాదు నష్టం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే ధ్రువపత్రంలో ఆ ఫైలు హాష్ విలువ, అంటే దాని బిట్ల నుంచి లెక్కకట్టిన వేలిముద్రలాంటి సంఖ్య, రాయాలి. ఒక్క బిట్టు మారినా ఆ విలువ మొత్తం వేరే అవుతుంది. కాబట్టి ఘటన జరిగిన రోజున కెమెరా ఆపి, ఆ ఫైలు మీద కొత్త రికార్డింగు పడకముందే కార్డు బయటికి తీసి, ఫైలుని కత్తిరించకుండా, పేరు మార్చకుండా ఉన్నదున్నట్టు కాపీ చేసుకుని, కార్డుని విడిగా దాచాలి.